ముప్పై ఆరంగుళాల బెంచీ

నాకు అన్యాయం చేసినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరున్నారు. మొదటివాడు మా ఏడో తరగతి లెక్కల మాస్టారు, బోడిసున్నా. ఆ పేరు మేం పెట్టిందే. తలా అలాగే ఉండేది, ఆయన వేసే మార్కులూ అలాగే ఉండేవి. లెక్క బోర్డు మీద రాయడం పూర్తయ్యేలోపే నాకు జవాబు వచ్చేసేది. చెప్పేవాణ్ణి. జవాబు రైటే, స్టెప్పులేవిరా అనేవాడు. ఆకలి ఏ దారిన వచ్చిందో రాసి చూపించాకే అన్నం తింటామా అని ఒకరోజు అడిగాను. బయటికి పొమ్మన్నాడు. పోయాను. మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

రెండో మనిషి కత్తెర. ఆవిడ నా స్థలం ఆక్రమించింది. పద్దెనిమిదేళ్ళుగా నేను ఒక్కణ్ణే అనుభవించిన స్థలం. ఎంత పోయిందో చివర్లో కొలతతో సహా రాస్తాను. ముందు ఎలా పోయిందో వినండి.

మా నదిలో తిరిగే పడవలన్నిట్లోకీ చవక టిక్కెట్టు మా పడవదే. నలభై నిమిషాలు. మైకులో కబుర్లు చెప్పేవాళ్ళు ఉండరు, టీ ఉండదు, పైన పరదా కూడా కుడివైపు సగానికే ఉంటుంది. రెండో వంతెన దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతాం. వెళ్ళేటప్పుడు ప్రవాహానికి ఎదురు కాబట్టి ఎడమ గట్టుని ఆనుకుని పోతాం, అక్కడ నీళ్ళు నెమ్మది. వచ్చేటప్పుడు నది మధ్యలో జారిపోతూ వస్తాం.

పడవ పాతది, వెడల్పు తక్కువ. ఓ పక్క బరువెక్కితే ఒరుగుతుంది. ఒరిగితే రెండో వంతెన కింద పరదా గుంజ రాసుకుంటుంది. నేను జ్వరంతో పడుకున్న రోజు గుంజ మీద పడ్డ గీత ఇప్పటికీ ఉంది, వచ్చి చూసుకోవచ్చు. నా పనల్లా ఎక్కే చెక్క దగ్గర నిలబడి, ఒక్కొక్కరినీ చూసి, కుడి, ఎడమ అని చెప్పడం. మనిషి చెక్క మీద అడుగెయ్యగానే బరువు నాకు తెలిసిపోతుంది. కిలో తేడా రాదు. అందుకే నన్ను అందరూ కాటా అంటారు. అందరూ సర్దుకున్నాక ఏ కొంచెం తేడా మిగిలినా నేను చూసుకుంటాను. నా డెబ్బై రెండు కిలోలూ వెనక కుడివైపు బెంచీ మీద ఉంటాయి. ప్రయాణికుల బెంచీలన్నీ నీళ్ళవైపు తిరిగి ఉంటే, నాదొక్కటీ లోపలికి తిరిగి ఉంటుంది, జనాన్ని కనిపెట్టాలి గనక. అక్కడ ఇంకెవర్నీ కూర్చోనివ్వను. ఓనరు వచ్చినా నిలబడే ఉంటాడు.

ఆవిడ మొదటిసారి వచ్చింది ఒక గురువారం మధ్యాహ్నం. భుజాన బట్టసంచీ, మెడలో పూలదండలాగా కొలతల టేపు. చెక్క మీద కాలు పెట్టింది.

"డెబ్బై రెండు. ఎడమ, చివరి బెంచీ," అన్నాను.

ఆవిడ కదల్లేదు. వెనకాల క్యూ ఆగిపోయింది.

"ఎవరు డెబ్బై రెండు?"

"మీరేనండీ."

"నేను అరవై నాలుగు."

"ఈ చెక్క అబద్ధం ఆడదండీ."

ఆవిడ నన్ను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను అలా ఎవరూ చూడలేదు. పెళ్ళిచూపులకి మూడిళ్ళకి వెళ్ళాను, మూడిళ్ళలోనూ ఏడో తరగతి అనగానే కాఫీ గ్లాసులవైపు చూశారు గానీ నన్ను చూడలేదు.

"మెడ పదిహేనున్నర," అంది. "ఛాతీ ముప్పై ఎనిమిది. ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం కిందికుంది. మీరు వేసుకున్న చొక్కా మీకు కుట్టింది కాదు. నలుగురిలో అంటే ఎలా ఉందండీ?"

క్యూ మొత్తం నవ్వింది. ఆవిడ వెళ్ళి ఎడమవైపు చివరి బెంచీలోనే కూర్చుంది, అది వేరే సంగతి. నేను నా బెంచీ మీద కూర్చుని, ఎవరూ చూడకుండా నా భుజాలు తడుముకున్నాను. నిజమే. పద్దెనిమిదేళ్ళుగా తాడు ఒకే భుజాన మోస్తున్నాను.

దిగేటప్పుడు ఆవిడ సంచీలోంచి పాతకాలం ఇత్తడి ఇస్త్రీపెట్టె బయటికి తీసి నా ముందు పెట్టింది. పిడి ఊడిపోతే బాగుచేయించడానికి పట్టుకెళుతోందట. ఎనిమిది కిలోలు. అరవై నాలుగూ ఎనిమిదీ డెబ్బై రెండు.

"ఇద్దరం రైటే," అని, నవ్వకుండా వెళ్ళిపోయింది. ఆ నవ్వకపోవడం వారమంతా నా వెంట తిరిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు నేను కుడి చివర, ఆవిడ ఎడమ చివర. పద్దెనిమిదేళ్ళలో పడవ అంత తిన్నగా ఎప్పుడూ నడవలేదు. తొణికిసలాడకుండా గ్లాసులో నీళ్ళు పట్టుకెళ్ళినట్టు వెళ్ళింది. సరంగు మామ, అంటే మా పడవ నడిపే పెద్దమనిషి, క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి, ఇవాళ ఏం చేశావురా అని అడిగాడు కూడా.

మరుసటి గురువారం ఆవిడ పది ట్రిప్పుల కూపన్ పుస్తకం కొనుక్కుని వచ్చింది. కౌంటర్లో అడిగితే కారణం తెలిసింది. ఆవిడది ఇరుకు సందులో టైలరింగ్ షాపు. కోటు చేతులు పొట్టిచెయ్యడం, ప్యాంట్ల నడుము వదులు చెయ్యడం, యూనిఫారాలకి గుండీలు. పొద్దస్తమానం సూదిమొన చూసీ చూసీ కళ్ళు లాగుతుంటే, కళ్ళ డాక్టరు పది వారాలు వారానికోసారైనా దూరం చూడమన్నాడట. షాపు గుమ్మంలోంచి చూస్తే పదకొండడుగుల దూరంలో ఎదురు గోడ. ఊళ్ళో చవగ్గా దూరం అమ్మేది మా పడవే.

ఆ రెండో వారం ఆవిడ చేతిలో ఇస్త్రీపెట్టె లేదు. అరవై నాలుగే. న్యాయంగా అయితే మధ్య బెంచీలో వెయ్యాలి. నా నోరు మాత్రం, "ఎడమ, చివరి బెంచీ," అంది.

ఆ పూట పడవ ఎనిమిది కిలోలు కుడికి వాలింది. నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. నాకు తెలిస్తే చాలదా, సిగ్గుపడడానికి?

మూడో వారం ఆవిడ నిలదీసింది. ఎడమవైపు కూర్చుంటే వెళ్ళేటప్పుడు ఇరవై నిమిషాలూ గోడౌన్ల వెనక గోడలే కనిపిస్తున్నాయట. గోడ చూడ్డానికయితే షాపులోనే కూర్చునేదాన్నిగా, నాది సగం టిక్కెట్టయిపోయింది, కుడివైపు వెయ్యండి అంది. కుదరదన్నాను. ఎందుకు కుదరదంది. కుదరదంతే అన్నాను.

"జవాబు చెప్పారు. ఎలా వచ్చిందో చెప్పరా?"

బోడిసున్నా మళ్ళీ పుట్టాడనుకున్నాను. ఆవిడకి నేను కత్తెర అని పేరు పెట్టింది ఆ రోజే. మనసులోనే లెండి.

సరంగు మామ చూస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రం తాడు చుడుతుంటే, ఆవిడ ఎడమ నువ్వు కుడి, లెక్క బాగానే ఉంది గానీ ఎదురెదురు గట్లకి పెళ్ళి అయినట్టు ఎక్కడా వినలేదురా అన్నాడు. నీ పని చూసుకో మామా అన్నాను.

ఆరో వారం వాన పడింది. వంతెన ఇంకా వంద గజాలుందనగా, చెప్పాపెట్టకుండా, బక్కెట్టు బోర్లించినట్టు. పరదా కుడివైపే కదా, ఎడమవైపు జనమంతా లేచి కుడికి ఉరికారు. పడవ ఒరిగింది. కూర్చోండి కూర్చోండి అని నేను గొంతు చించుకుంటున్నాను, వినేదెవరు? కూర్చునే ఉన్నది ఇద్దరు. ప్రతి గురువారం వచ్చే ఒక రిటైరైన పోస్టుమాస్టరు గారు కుడివైపు మధ్య బెంచీలో పేపరు చదువుకుంటున్నారు, ఆయనకి వాన వచ్చిన సంగతే తెలియదు. రెండోది కత్తెర. ఎడమ చివర, నిలువునా తడుస్తూ, రెయిలింగు పట్టుకుని. జుట్టు చెంపలకి అతుక్కుపోయింది. టేపు మెడకి చుట్టుకుపోయింది. కదల్లేదు.

నేను టార్పాలిన్ తీసుకుని ఎడమకి పరిగెత్తాను. పడవ కొంచెం నిలదొక్కుకుంది. ఇద్దరం దాన్ని తల మీద పట్టుకుని కూర్చున్నాం. వంతెన మీది నుంచి దాటిపోయింది, గుంజ తగల్లేదు.

"మీరెందుకు లేవలేదు?" అన్నాను.

"మీరు లేవమని చెప్పలేదుగా."

టార్పాలిన్ కింద చోటు తక్కువ. ఆవిడ ముక్కు చివర ఒక చినుకు వేలాడుతోంది, పడదు. ఏదో ఒకటి మాట్లాడాలి. నాకొచ్చిన భాష ఒక్కటే.

"ఇద్దరం కలిపి నూట ముప్పై ఆరు," అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. ఇంకేమైనా అంటానేమో అని ఆగింది. నేను టార్పాలిన్ అంచు సర్దాను. చినుకు పడిపోయింది. వాన కూడా ఆగిపోయింది, నా మీద కసి ఉన్నట్టు.

ఆ తరవాతి వారాల్లో కొంచెం కొంచెంగా సంగతులు తెలిశాయి. ఒకసారి పెళ్ళయింది, కొలత తప్పింది, చిరగకముందే కుట్లు విప్పుకున్నాం అని చెప్పింది. ఆ మాట బట్టల గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. నా చొక్కా ఒకటి పట్టుకెళ్ళి, ఎడమ భుజం దగ్గర లోపల ఒక పొర గుడ్డ వేసి తెచ్చింది. వేసుకుంటే అద్దంలో నేను తిన్నగా ఉన్నాను. అయినా ఎక్కే చెక్క దగ్గర నా మాట మారలేదు. ఎడమ, చివరి బెంచీ. ఆవిడ కూపన్ చింపి ఇచ్చి, ఏమీ అనకుండా వెళ్ళి కూర్చునేది. ఏమీ అనకపోవడమే నన్ను భయపెట్టింది. పది కూపన్లలో రెండు మిగిలాయి. తరవాత ఒకటి.

ఆ చివరి గురువారం ఎండ బాగా కాస్తోంది. ఆఖరి కూపన్ నా చేతిలో పెట్టింది. పుస్తకం అట్ట కూడా ఇచ్చేసింది, ఇక నాకెందుకు అన్నట్టు. నా నోరు మాత్రం దాని పని అది చేసింది. ఎడమ, చివరి బెంచీ.

పడవ కదిలింది. గోడౌన్ల గోడలు మొదలయ్యాయి. ఆవిడ కిందికి వంగి, బెంచీ కింది నుంచి గోనెసంచీ ఒకటి బయటికి లాగింది. రెండు చేతులతో ఎత్తి, నడుచుకుంటూ వచ్చి, నా కాళ్ళ దగ్గర దబ్బున పడేసింది. లోపల లంగరు గొలుసు ముక్క గలగలమంది.

"ఏమండీ కాటా గారూ. ఇది ప్రతి గురువారం నా బెంచీ కిందే ఉంటోంది. నిన్న బుధవారం కౌంటరు దగ్గరికొచ్చి చూశాను, పడవ అక్కడే కట్టి ఉంది, బెంచీ కింద ఇది లేదు. ఇదెంత బరువు?"

"ఎనిమిది కిలోలు."

"నా ఇస్త్రీపెట్టెంత."

"అంతే."

"మీకు నేను పక్కన ఉండడం ఇష్టం లేదనుకున్నాను. అంత దూరంగా పెట్టడానికి మళ్ళీ ఇనుము మోసుకొచ్చారా? ఈసారి జవాబు వద్దు. స్టెప్పులు చెప్పండి."

ఆవిడ నిలబడి ఉంది. పోస్టుమాస్టరు గారు పేపరు కిందికి దించారు. నలభై ఆరేళ్ళ మనిషిని, ఏడో తరగతిలో చెప్పలేనిది ఇప్పుడు చెప్పాలి. చెప్పకపోతే ఈ గోడ అయిపోతుంది, వంతెన అయిపోతుంది, ఆవిడ దిగిపోతుంది.

"మొదటి వారం మీరు డెబ్బై రెండు," అన్నాను. "నేనూ డెబ్బై రెండు. నేను కుడి చివర, మీరు ఎడమ చివర. పడవ తిన్నగా నడిచింది. అది ఒకటో స్టెప్పు. రెండో వారం మీరు అరవై నాలుగు. మిమ్మల్ని మధ్యలో వెయ్యాలి. మధ్యలో వేస్తే ఈ బెంచీ మీంచి మీరు నాకు కనిపించరు. చివర వేస్తే కనిపిస్తారు. మొహం కాదు, ఒక చెంప, ఒక చెవి. అది చాలనుకున్నాను. మూడో వారం నుంచి తగ్గిన ఎనిమిదీ నేను తెచ్చి పెట్టాను. మీ పక్కన కూర్చుంటే చూడాలంటే మెడ తిప్పాలి. అందరికీ తెలిసిపోతుంది. అంతేనండీ. ఇంకో స్టెప్పు లేదు."

ఆవిడ సంచీని దాటి వచ్చింది. నా బెంచీ మీద కూర్చుంది. అడగలేదు. పద్దెనిమిదేళ్ళలో ఓనరు కూర్చోని బెంచీ.

నా బుర్ర పనిచేయలేదు. చేతకానివాడిలా ఒక్క మాటే వచ్చింది. "ఇక్కడి నుంచి కూడా గోడే కనిపిస్తుందండీ. ఈ బెంచీ లోపలికి తిరిగి ఉంటుంది. దూరం కనిపించదు."

"నిన్న డాక్టరుకి చూపించుకున్నాను," అంది. "దూరం చూసింది చాలమ్మా, ఇక దగ్గరున్నవి చూసుకో అన్నాడు."

అని మెడ తిప్పింది. అందరికీ తెలిసిపోయేలాగే తిప్పింది.

క్యాబిన్‌లోంచి సరంగు మామ కేక. "ఒరే కాటా, కుడికి ఒరిగిందిరా, చచ్చావా బతికావా?"

నిజమే. కుడి చివర మనుషులే నూట ముప్పై ఆరు, ఎడమ చివర సున్నా. నా ఉద్యోగంలో మొదటిసారి పడవ ఒరగడం నాకు తెలియలేదు. వంతెన దగ్గరికొచ్చేస్తోంది. గొలుసు సంచీ కాలితో ఎడమకి తోసేశాను. ఇంకా ఒక మనిషి కుడి నుంచి ఎడమకి మారాలి, సరిగ్గా అరవై నాలుగు కిలోల మనిషి. పడవంతా వెతికాను. ఒక్కరే ఉన్నారు.

"పోస్టుమాస్టరు గారూ, కొంచెం ఆ ఎడమ చివరికి..."

ఆయన మా ఇద్దర్నీ కళ్ళజోడు పైనుంచి చూశారు. పేపరు నాలుగు మడతలు పెట్టారు.

"పది వారాల నుంచి చదివిన పేజీయే చదువుతున్నానయ్యా, ఈ ముక్క వినడానికి," అన్నారు. "ఇల్లు చల్లగా ఉండాలి మీది." వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుని, మళ్ళీ పేపరు విప్పుకున్నారు.

పడవ తిన్నగా నిలబడింది. వంతెన నీడ మా మీది నుంచి వెళ్ళింది. గుంజ తగల్లేదు. బోడిసున్నా ఎక్కడున్నాడో గానీ చూసి ఉండాల్సింది, స్టెప్పులతో సహా చేశాను.

నేను కాస్త ఇటు జరగబోయాను. ఉండండి, అని ఆవిడ మెడలోంచి టేపు తీసింది. బెంచీ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచింది. తరవాత తగాదాలు రాకుండా ఇప్పుడే హద్దు వేసుకుందామంది. జేబులోంచి సుద్దముక్క తీసి చెక్క మీద గీత కూడా గీసింది. గీత ఎటువైపు జరిగిందో నేను చూశాను. ఆడది టైలరైతే కొలతలో మనం గెలవలేమని అప్పుడే తెలిసింది.

మాకు పెళ్ళయి ఏడాదిన్నర. గురువారం షాపు మూసి ఇప్పటికీ వస్తుంది, కూపన్ లేకుండా. సుద్ద గీత ఎప్పుడో చెరిగిపోయింది, హద్దు మాత్రం చెరగలేదు. ఇంట్లో మంచం మీద జరిగిన నష్టం ఇందులో కలపలేదు, అది వేరే కేసు. బెంచీ వరకే రాస్తున్నాను. మొత్తం ముప్పై ఆరంగుళాలు. నాకు మిగిలింది పదిహేడు. పోయింది పందొమ్మిది.