కూర్మయ్య వద్దన్న మెయిలు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది బెవర సన్యాసమ్మ. విశాఖలో సాగరగంధి నూనెల కంపెనీ మూడో అంతస్తు తుడిచేది ఆవిడే. తరవాత చాలామంది చాలా రకాలుగా చెప్పుకున్నారు. పేపర్లో కూడా వేశారు. పేపర్లో వేసింది తప్పు. సన్యాసమ్మ చీపురు పట్టుకుని అక్కడే నిలబడి చూసింది. నాకది చాలు.

మిషను తీసేసిన పేర్లకు ఫోన్లు మొదలుపెట్టి అప్పటికి ఏడు రోజులు. కూర్మయ్య ఫోను చెవికి ఆనించుకుని, కాగితం మీద ఏడో పేరు దగ్గర వేలు పెట్టి కూర్చున్నాడు.

"అయ్యా, నమస్కారం. సాగరగంధి నుంచి. ఇకమీదట మా మెయిళ్లు మీకు రావు. అక్కర్లేదనుకుని ఆపేశాం. పొరపాటు పడ్డామా?"

అవతల మగగొంతు నవ్వింది. "ఆపేసినందుక్కూడా ఫోను చేస్తారేటి! అక్కర్లేదని నేనెవరికీ చెప్పలేదే."

"మిషను చెప్పిందండి."

"అయితే బానే చెప్పింది. ఈమధ్య ఏదీ చదవబుద్ధి కావట్లేదు."

కూర్మయ్య టిక్కు పెట్టాడు. నాలుగు రోజుల తరవాత చూసుకుంటే ఆ వరసలో పిన్‌కోడ్ గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి కనబడితే ఆయనకు అన్నం సయించదు. మళ్లీ ఫోను చేశాడు. ఈసారి ఆడగొంతు. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు.

"ఆయన మొన్న పోయారు బాబూ. మీరెవరు?"

తానెవరో కూర్మయ్య చెప్పలేకపోయాడు.

ఎవరంటే, నలభై ఏళ్లు నూనె డబ్బా భుజాన వేసుకుని గడప గడపకూ తిరిగి అమ్మినవాడు. ఒక్కసారి వద్దన్న ఇంటి తలుపు మళ్లీ తట్టేవాడు కాదు. ఏ ఇల్లు వద్దందో అంతా నోటిలెక్కే, కాగితం లేదు. కాళ్లు అరిగిపోయాక కంపెనీ ఆయన్ని ఆఫీసులో కూర్చోబెట్టింది. ఆ కాలానికి నూనె అమ్మడమంతా మెయిళ్లతోనే. కంపెనీ దగ్గర నాలుగు లక్షల అడ్రసులు. ఎగ్జిబిషన్లో బహుమతి చీటీ మీద రాసినవాళ్లవి కొన్ని, ఎక్కడో మూటగా కొనుక్కొచ్చినవి కొన్ని. ఎవర్నీ అడిగింది లేదు. జనం విసిగిపోయి అన్నిటినీ చెత్తలో వేశారు. చివరికి సాగరగంధి పేరు కనబడితే చాలు, మెయిలు నడిపే కంపెనీలు గుమ్మంలోనే తిప్పి పంపేసేవి. కావాలన్నవాళ్లకు కూడా అందడం మానేసింది.

అప్పుడొచ్చింది డాక్టర్ హైమవతి. మాట తక్కువ, పని గట్టి మనిషి. ఆవిడ చేసిన మిషను పేరు జల్లెడ. అది ప్రతి అడ్రసుకూ ఒకే ప్రశ్న పంపుతుంది: మా మెయిళ్లు పంపమంటారా? కింద "పంపండి" అని ఒక్కటే బటన్. నొక్కితే, నొక్కింది మీరేనా అని మళ్లీ అడుగుతుంది. రెండుసార్లూ నొక్కితేనే లిస్టులో పేరు. అక్కడితో అయిపోదు. మెయిలు తెరిచినప్పుడు స్క్రీను మీద వేలు ఎంతసేపు నిలిచింది, చూపు ఏ వరసలో ఆగింది, అన్నీ కనిపెడుతుంది. ఆసక్తి సన్నగిల్లిందనిపిస్తే ఇంకోసారి అడుగుతుంది. మూడు రోజుల్లో జవాబు లేకపోతే పేరు తీసేస్తుంది. విసుక్కునేదాకా ఉండకుండా ముందే తప్పుకోవాలని హైమవతి సిద్ధాంతం. మిషను మాటే వేదం కాకూడదని, తీసేసిన పేర్లలో రోజుకు ఇరవై మందికి కూర్మయ్య చేత ఫోను చేయించేది.

ఆయనకు ఆ మిషను నచ్చింది. తన పద్ధతే కదా.

ఆ ఆడగొంతు విన్నాక మాత్రం ఆయన మొదటి రోజు కాగితం నుంచీ అందరికీ మళ్లీ ఫోన్లు మొదలుపెట్టాడు. రెండు వందల ఇరవై ఇళ్లు. ముప్ఫై ఒక్క ఇంట్లో చావు. అన్నీ పేరు తీసేసిన తొమ్మిది రోజుల లోపే. కాగితాలు తీసుకెళ్లి హైమవతి బల్ల మీద పెట్టాడు. సన్యాసమ్మ అప్పుడు బల్ల కింద తుడుస్తోంది.

"డాక్టరమ్మా, ఇది పేర్లు తీస్తోందా, మనుషుల్ని తీస్తోందా?"

హైమవతి కాగితాలు తిరగేసింది. "ఇది ఎవర్నీ చంపట్లేదు కూర్మయ్యగారూ. మనిషి కోరికలు వదులుకునేటప్పుడు చిన్నవాటితో మొదలుపెడతాడు. తలనూనె, కొత్త చెప్పులు. అవి వదిలేస్తున్న సంగతి అతనికే తెలీదు. వేలు నెమ్మదిస్తుంది, అంతే. ఆ నెమ్మదిని జల్లెడ చూస్తోంది."

"మరి మిగతా నూట ఎనభై తొమ్మిది మంది?"

"వాళ్లకు నిజంగానే మన మెయిలు అక్కర్లేదు."

"రెంటికీ తేడా?"

"జల్లెడకు తేడా లేదు. రెండూ మౌనమే."

ఈ మాట ఆ గదిలో ముగ్గురి మధ్యే ఉండిపోవాల్సింది. గుమ్మం బయట నుంచి మేనేజరు విన్నాడు. ఆ మనిషి పేరు నాకు తెలుసు, నా చేత్తో రాయను. మర్నాటి నుంచి తీసేసిన వాళ్లందరినీ "ఆగిన పేర్లు" అని, తొమ్మిది రోజుల చావుల సంగతి కూడా కింద రాయించి, ఊరంతటికీ కనబడేలా కంపెనీ వెబ్‌సైట్లో పెట్టించాడు.

నెల తిరక్కుండా ఊరు మారిపోయింది. పొద్దున్నే జనం పాలప్యాకెట్ కంటే ముందు ఆ లిస్టు చూసుకునేవారు. నూనె కంపెనీ ఏటి, ప్రతి కంపెనీ పంపిన ప్రశ్నకూ "పంపండి" నొక్కేవారు. ఇల్లు లేనివాడు సిమెంటు మెయిళ్లు తెప్పించుకున్నాడు. బస్టాపులో ముసలాళ్లు "నాకు నలభై రెండొచ్చాయి, నీకో?" అని ఒకర్నొకరు అడిగేవారు. తక్కువొచ్చినవాడి పక్కన సీటు ఖాళీగా ఉండేది. మంచాన పడి మాట పోయిన తల్లుల వేళ్లు పట్టుకుని కొడుకులు ఫోను అద్దానికి ఆనించేవారు. నాలుగు లక్షల నుంచి అరవై వేలకు దిగిన సాగరగంధి లిస్టు పదకొండు లక్షలైంది. అందరూ ఒప్పుకున్నవాళ్లే. అందులో కావాలన్నవాడు ఒక్కడూ లేడు.

అలాంటి రోజుల్లో కూర్మయ్య ఫోనుకు ప్రశ్న వచ్చింది. చూసి పక్కన పెట్టేశాడు. భార్య నరసాయమ్మ కళ్లు ఆ ఫోను మీదే.

"ఏటయ్యా, ఒక్కసారి నొక్కితే నీ సొమ్మేటి పోద్ది?"

"నాకొద్దు."

"నాకోసం నొక్కు."

"నూనె గానుగ పక్కన పుట్టినోణ్ని. నాకు నూనె సంగతి వాళ్లు చెప్పాలా? వద్దన్నవాళ్లని నలభై ఏళ్లు మనుషుల్లాగే చూశాను నేను. నేను వద్దంటే మాత్రం శవాన్నైపోతానా?"

ఆఫీసుకెళ్లి, హైమవతీ చీపురు పట్టుకున్న సన్యాసమ్మా చూస్తుండగా, జల్లెడ ముందు నిలబడి గట్టిగా అన్నాడు. "వద్దు. రాసుకోండి డాక్టరమ్మా."

హైమవతి తల దించుకుంది. "రాయడానికి చోటు లేదు కూర్మయ్యగారూ. వద్దు అనే బటన్ నేను పెట్టలేదు."

"పెట్టలేదా?"

"మన ఇళ్లల్లో బియ్యం అయిపోయినా నిండుకున్నాయంటారు. గుమ్మంలోకొచ్చిన మనిషితో వద్దు అనడానికి ఎంత మొహమాటపడతారో మీకే బాగా తెలుసు. వాళ్లకా ఇబ్బంది లేకుండా ఊరుకుంటే చాలనుకున్నాను. మర్యాద అనుకున్నాను."

"నేను ఊరుకోలేదు. అన్నాను."

"విన్నాను. రేపే ఆ బటన్ పెడతాను."

ఆ రేపు రాలేదు. పొద్దున్నే మేనేజరు ఆవిడ గదికి తాళం వేయించాడు. పదకొండు లక్షల లిస్టును ఏ యజమాని కదలనిస్తాడు?

ఆగిన పేర్లలో కూర్మయ్య పేరు పడింది. మొదటి రోజు ఎదురింటివాళ్లు వచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చున్నారు. రెండో రోజు ఎప్పటినుంచో మాటల్లేని బావమరిది వచ్చి క్షమించమన్నాడు. అందరూ మెల్లగా మాట్లాడేవారు. అందరి చూపూ ఆయన ముఖం మీద కాదు, ఛాతీ మీద. లేస్తోందా, దిగుతోందా అని. "దగ్గుతాను, ఉండండి, నమ్మకం కుదురుతుంది" అనేవాడాయన. ఎవరూ నవ్వలేదు. గేటు బయట పిల్లలు తొమ్మిదిలోంచి ఒక్కో రోజూ తీసేసి లెక్కపెట్టుకునేవారు.

ఆరో రోజు మధ్యాహ్నం భోంచేసి ఆయన కునుకు తీశాడు. నరసాయమ్మ పక్కన కూర్చుని ఆయన కుడిచేతి చూపుడువేలు పట్టుకుంది. మెల్లగా ఆయన ఫోను అద్దం మీద ఆనించింది. మీరేనా అని అడిగితే మళ్లీ ఆనించింది.

పదో రోజు కూర్మయ్య బతికే ఉన్నాడు. ఫోను మాత్రం ఆగకుండా మోగుతోంది. తైలం, కుంకుడు పొడి, తగ్గింపు ధరలు. ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ తల ఎత్తలేదు.

నొక్కినందుకే బతికాడని ఊరంతా తేల్చేసింది. పేపర్లో ఫొటో వేశారు. ఆయన ఆఫీసుకు వెళ్లి చూస్తే స్క్రీను మీద ఆయన పేరు పక్కన "ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారు" అని ఉంది. తీసేయమంటే అక్కడ కొత్తగా కూర్చున్నవాడు మర్యాదగానే చెప్పాడు: మళ్లీ మూడు రోజులు మౌనంగా ఉండండి, ఆగిన పేర్లలోకి వెళ్తారు.

ఇంటికొచ్చాడు. నరసాయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ తొమ్మిది రోజులు ఇంకోసారి ఆవిడ చేత గడిపించగలడా? అరుగు మీద కూర్చుని చెప్పులు విడిచాడు.  ఆ రోజు నుంచి ఆయన మెయిళ్లు పొద్దున్నే ఆవిడే తెరిచేది. ఆయన గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

రెండేళ్ల తరవాత ఆయన తన రోగంతో తాను పోయాడు. జల్లెడ ముందుగా ఏమీ చెప్పలేదు. దాని లెక్కలో ఆయన ఎప్పుడూ లేనంత ఆసక్తిగా ఉన్నాడు. ఇప్పటికీ ఉన్నాడు. మెయిళ్లు వస్తున్నాయి. నరసాయమ్మ తెరుస్తుంది. పైన "కూర్మయ్య గారికి" అని ఉంటుంది కదా, ఆ మాట మీద ఆవిడ వేలు చాలాసేపు ఆగిపోతుంది. జల్లెడకు అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడా లిస్టు ఎవరి చేతుల్లో ఉందో నాకు తెలీదు. ఎవరైనా సరే, ఇది చదివితే ఒక పని చెయ్యండి. ఆవిడకు పంపాలంటే ఆవిడ పేరునే పంపండి, ఆవిణ్ని అడిగి పంపండి. కూర్మయ్య పేరు పక్కన ఉన్నది కొట్టేయండి. మౌనం అనీ రాయకండి, ఒప్పుకున్నాడనీ రాయకండి. గదిలో ఇద్దరు ఆడవాళ్లు వింటుండగా ఆయన వద్దన్నాడు. వద్దన్నాడనే రాయండి.