రోజుకి ఐదుసార్లు ఎలుగుబంటి

"మా ఎలుగుబంటి నోరు నొక్కేసింది ఎవరు?"

మూడో అంతస్తులో ఉన్న నా గది తలుపు తోసుకొచ్చి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. బయట వాన కుమ్మేస్తోంది. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయింది. చేతిలో గొడుగు ఉంది కానీ, కోపంలో తెరవడం మరిచిపోయినట్టుంది.

"నేనేనండీ," అన్నాను. "నలభై సెకన్లు ఎక్కువైంది. కోసేశాను."

"ఏం కోశారో తెలుసా? ఎపిసోడ్ మొత్తానికీ అసలు మాట అదే. దాని కోసం మూడు రోజులు కూర్చున్నాను."

"అరగంట అంటే అరగంటేనండీ. ప్రకటనలు పోను ఇరవై నాలుగు నిమిషాలు. కాస్త తొందరగా మాట్లాడమని మీ ఎలుగుబంటికి చెప్పండి."

"ఇప్పుడు చెబుతున్నది ఎలుగుబంటికేగా!"

తలుపు ధడాల్న వేసుకుని వెళ్ళిపోయింది. నేల మీద నీళ్ళ అడుగులు మిగిలాయి. నాకు ఒళ్ళు మండాలి నిజానికి. మండలేదు. మర్నాడు మా ఛానల్ గొప్పలు చెప్పుకునే ప్రోమో ఒకటి తీసేసి, ఆ నలభై సెకన్లు తిరిగి పెట్టి వేశాను. ఉద్యోగంలో చేరాక నేను చూపించిన మొదటి పక్షపాతం అదే. ఒక్కటితో ఆగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

మాది బొమ్మలు కదిలే ఛానల్. ఇరవై నాలుగు గంటలూ యానిమేషన్ తప్ప ఇంకేమీ ఉండదు. పిల్లల కోసమే కాదు, మట్టితో చేసినవి, చేత్తో గీసినవి, కాగితాలు కత్తిరించి కదిలించినవి, ఎక్కడెక్కడివో తెచ్చి మన మాటలు పెట్టి వేసేవాళ్ళం. ఏది ఎన్నింటికి వెయ్యాలో నిర్ణయించడం నా పని. గళ్ళ కాగితం మీద వారానికి సరిపడా పేర్లు నింపుతాను. అందుకే ఆ అమ్మాయి నాకు 'గళ్ళ మాస్టారు' అని పేరు పెట్టింది.

తను డైలాగ్ రైటర్. తన ఎలుగుబంటి మట్టిబొమ్మ. ఒక సందులో గొడుగులు బాగుచేసే కొట్టు పెట్టుకుంటుంది. వచ్చినవాళ్ళ గొడుగు విప్పుతూ వాళ్ళ కష్టాలు కూడా విప్పిస్తుంది. అందరి మీదా చిరాకు పడుతుంది, ఎవరినీ తడిసి వెళ్ళనివ్వదు.

తను రాసే పద్ధతి చూడడానికే నేను పనిగట్టుకుని కింది అంతస్తుకి దిగేవాణ్ణి. బొమ్మని శబ్దం లేకుండా చూస్తూ, ఎలుగుబంటి నోరు ఎన్నిసార్లు తెరుచుకుందో బల్ల మీద వేలితో కొట్టి లెక్కపెట్టుకునేది.

"ఇక్కడ ఎనిమిదిసార్లు తెరిచింది. 'నీ గొడుగు కంటే నువ్వే ఎక్కువ విరిగావు' అందామంటే దానికి నోరు చాలడం లేదు."

"అయితే ఏమంటుంది?"

"'విరిగింది గొడుగేనా?' అంటుంది. బావుందా?"

బావుంది. అది అన్నప్పుడు తను నా వైపు చూసిన చూపు ఇంకా బావుంది. ఆ రెండోది పైకి చెప్పలేదు.

శని, ఆదివారాలు సాయంత్రం ఏడింటికి ఒక్కో కొత్త ఎపిసోడ్ వేశాం. మూడో వారానికల్లా కాలేజీ కుర్రాళ్ళు ఆ మాటలు అప్పజెప్పడం మొదలుపెట్టారు. ఉత్తరాల్లో ఎలుగుబంటి బొమ్మలు గీసి పంపారు. కొందరు సరదాకి విరిగిన గొడుగులు తెచ్చి మా రిసెప్షన్‌లో వదిలేసి పోయేవారు. ఎవరికీ తెలియని మా ఛానల్ పేరు చెబితే ఆటోవాళ్ళు కూడా "ఓ, ఎలుగుబంటి ఛానలా!" అనేవారు.

ఇరవై ఆరో ఎపిసోడ్‌లో ఎలుగుబంటి కొట్టు కట్టేసి, ఒక నక్కపిల్ల వదిలి వెళ్ళిన ఎర్ర గొడుగు పట్టుకుని దాన్ని వెదకడానికి బయల్దేరుతుంది. అక్కడితో మొదటి సీజన్ అయిపోయింది. అమ్మేవాళ్ళు నమూనాకి పంపిన రెండో సీజన్‌ని తను అప్పటికే మాటల్లేకుండా చూసేసింది.

"చివరికి నక్కపిల్ల దొరుకుతుందా?" అని అడిగాను.

"చెప్పను. వింటే నా ఎలుగుబంటి నోటినుంచే వినాలి."

మా ఛానల్ పెద్దాయన తేల్చి చెప్పేశాడు. పాత ఎపిసోడ్లే మళ్ళీ వేస్తూ ఉండాలి. ఏడాది చివరిదాకా చూసేవాళ్ళ సంఖ్య పడిపోకుండా ఉంటే రెండో సీజన్ కొంటాడు. పడిపోతే లేదు. ఆ అమ్మాయికి కావలసింది ఆ రెండో సీజన్ ఒక్కటే. నాకు కావలసింది తను.

ఒకరోజు క్యాంటీన్‌లో టీ తాగుతూ అంది: "మా నాన్న బస్సు నడుపుతారు. రోజూ సాయంత్రం డ్యూటీయే. కూతురు రాసింది ఒక్కటీ చూడలేదు పాపం."

మర్నాటినుంచి పొద్దున తొమ్మిదింటికి కూడా ఎలుగుబంటి వచ్చింది.

తను గబగబా మెట్లెక్కి వచ్చింది. "నాన్న చూశారు! నవ్వీ నవ్వీ అన్నం పొలమారింది. నువ్వే వేశావు కదూ?" మీరు కాస్తా నువ్వు అయిపోయింది. నేను గాల్లో తేలిపోయాను.

ఆ తరవాత మధ్యాహ్నం ఒంటిగంటకి వేశాను, క్యాంటీన్ టీవీలో తన పక్కన కూర్చుని చూడొచ్చని. నాలుగింటికి వేశాను, నాతో పోట్లాడిన రోజున తను చూసి మెత్తబడుతుందని. రాత్రి పదింటికి ఎందుకు వేశానో నాకే తెలియదు. ఇంటికెళ్ళాక కూడా తన మాటలు వినాలనిపించింది, అంతే. పాటలు రాసేవాళ్ళు పాటలు రాస్తారు, నేను గళ్ళు నింపాను.

ఇరవై ఆరు ఎపిసోడ్లు. రోజుకి ఐదు చొప్పున వేస్తే వారం తిరక్కుండానే మళ్ళీ మొదటికొస్తాయి. ఎంత మంచిదైనా ఒక్కదాన్నే రోజుకి రెండుసార్లకి మించి వెయ్యకూడదని చేరిన మొదటి రోజే నాకు నేర్పారు. తెలిసే చేశాను.

చూసేవాళ్ళ సంఖ్య ప్రతి గురువారం నా బల్ల మీదకి వస్తుంది. మొదటి నెల పెరిగింది. రెండో నెల ఏడింటి గడిలో జారడం మొదలైంది. ఎందుకు జారిందో ఆ కాగితం చూడగానే నాకు అర్థమైపోయింది.

"ఎందుకు తగ్గింది?" అని తను అడిగింది.

"పరీక్షలు కదా," అన్నాను.

ఆ పై నెల "వానలకి కరెంటు పోతోంది" అన్నాను. ఆ పై నెల నీళ్ళు నమిలాను. ఒక్క గడి తీసేసినా కొంత నిలబడేదేమో. కానీ తీసేస్తే ఎందుకు తీశావంటుంది. అసలెందుకు పెట్టావంటుంది. పెద్దాయన ముందు తలెత్తుకోలేను. అన్నిటికంటే, తన ముందు ఎత్తుకోలేను. చూస్తూ ఊరుకున్నాను.

నాలుగో నెలలో ఒక సాయంత్రం తను నా గదికి వచ్చి, కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నా మాటలు బాగాలేవా? మొదట్లో కొత్త కాబట్టి నవ్వారా? ఇప్పుడు పస లేదని తెలిసిపోయిందా?"

చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిచాను కూడా.

"కొంచెం మార్చి చూద్దామా?" అన్నాను.

తను తలూపి వెళ్ళిపోయింది. చివరి ఆరు ఎపిసోడ్లు తిరగరాసింది. జోకులు ఎక్కువ పెట్టింది. ఎలుగుబంటి ఊరుకునే చోట్ల కూడా ఏదో ఒకటి అనిపించింది. బల్ల మీద వేలితో కొట్టి, మళ్ళీ కొట్టి, కొట్టివేసి, తలపట్టుకుని కూర్చునేది. నేను మెట్లు దిగడం మానేశాను. కొత్త మాటలు చేరాక, పాత సౌండ్ ట్రాక్‌లు అనవసరంగా చోటు తింటున్నాయని చెరిపేయమన్నారు. ఆ కాగితం మీద సంతకం నాదే.

కొత్త మాటలు బాగాలేవు. ఆ సంగతి నాకంటే ముందు తనకే తెలుసు.

ఏడాది చివర పెద్దాయన పావుగంటలో తేల్చేశాడు. రెండో సీజన్ లేదు. తను బల్ల సర్దుకుని, రాజీనామా ఇచ్చేసి వెళ్ళిపోయింది. నన్ను దాటుకుంటూ వెళ్తూ "నువ్వు మాత్రం చివరిదాకా వేశావు. థాంక్స్," అంది. ఆ థాంక్స్ నన్ను ఇప్పటికీ తింటూనే ఉంది.

రెండు వారాలు ఆగి, ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మళ్ళీ వాన. ప్రేమిస్తున్నానని చెప్పెయ్యాలి, మిగతాది మెల్లగా ఎప్పుడైనా చెప్పొచ్చు. దారంతా ఇదే నిర్ణయం.

తలుపు వాళ్ళ నాన్న తీశారు. వెడల్పాటి భుజాల మనిషి. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"గళ్ళ మాస్టారివి నువ్వేనా? రా బాబూ, రా. తుడుచుకో ముందు." టవల్ చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. "ఎందుకొచ్చావో అడగను. డ్రైవర్ని, అద్దంలో చూసే పట్టేస్తాను వెనక ఎవరేం చేస్తున్నారో. నాకోసం తొమ్మిదింటికి వేసినవాడివి. మా అమ్మాయిని బాగానే చూసుకుంటావు. నావైపునించి అడ్డేం లేదు."

నాకు కళ్ళు చెమర్చాయి. తను వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. తల వంచుకుని ఉంది, పెదవి చివర చిన్న నవ్వు. ఏడాదిగా నేను ఎదురుచూసింది ఆ నవ్వు కోసమే.

"ఒక్క మాట అంటే ఏమనుకోవుగా?" అన్నారాయన చనువుగా. "రోజంతా అదే వేసేసరికి మొహం మొత్తింది బాబూ. మా డిపోలో కుర్రాళ్ళు ఎంత ఇష్టంగా చూసేవారని! పొద్దున్నా అదే, మధ్యాహ్నం అదే, సాయంత్రం అదే. ఛానల్ మార్చేశారు. దీనితో అనలేదు, బాధపడుతుందని. మాటలు మాత్రం అద్భుతం, మొదట్లోవి."

గుమ్మంలో నవ్వు ఆగిపోయింది.

"నాన్నా, టీ పెడుతున్నాను, కాస్త మరిగేదాకా చూస్తారా?" అంది. ఆయన లేచి వెళ్ళారు. తను ఆయన కుర్చీలో కూర్చుంది.

"నీకు తెలుసా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు. మింగేశాను.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"రెండో నెలనుంచి."

"నేను నీ గదిలో నిలబడి అడిగానే, నా మాటలు బాగాలేవా అని. అప్పుడు తెలుసా?"

"తెలుసు. నేను నిన్ను..."

"ఆ మాట ఇప్పుడు అనకు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఐదుసార్లు ఎందుకు వేశావో నాకు తెలుసు. నేను మరీ అంత మొద్దుని కాదు. నాకూ బావుండేది. అందుకు ఎప్పుడో ఒకప్పుడు నవ్వుకుంటాను కూడా. కానీ నాకు రాయడం రాదని నన్ను నమ్మనిచ్చావు. చేతులారా నా మంచి మాటలు నేనే చెరిపేసుకుంటుంటే పక్కన నిలబడి చూశావు. ఇప్పుడు కాగితం ముందు కూర్చుంటే చెయ్యి ఆడడం లేదు, తెలుసా?"

"చెప్తే నువ్వు పోతావని భయపడ్డాను."

"మరి ఇప్పుడు?"

వాళ్ళ నాన్న మూడు టీలు తెచ్చారు, మా ఇద్దరి మొహాలూ చూశారు, ఏమీ అడక్కుండా కప్పులు బల్ల మీద పెట్టారు. టీ తాగాను. తాగకపోతే ఆయన నొచ్చుకుంటారు. ఆశీర్వాదం దొరికిన ఇంట్లోంచి తెల్లమొహం వేసుకుని బయటికొచ్చాను.

ఛానల్ ఇంకో రెండేళ్ళు ఈడ్చుకొచ్చింది. మట్టిబొమ్మలు పోయాయి, చేత్తో గీసినవి పోయాయి. కదిలే బొమ్మల పేరుతో ఆటబొమ్మలు అమ్ముకునే కార్యక్రమాలు వచ్చాయి. తరవాత వంటపాత్రల ప్రకటనలు గంటల తరబడి వచ్చాయి. ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే గళ్ళు నింపడానికి నేనొక్కణ్ణే మిగిలాను. చివరికి ఫలానా రోజు సాయంత్రం ఆరింటికి మూసేస్తున్నామని కాగితం వచ్చింది.

ఐదున్నరనుంచి ఆరుదాకా ఉన్న ఆఖరి గడిలో ఏం వేసినా అడిగేవాడు లేడు. చాలా ఆలోచించి తనకి ఫోన్ చేశాను. రెండేళ్ళ తరవాత.

"ఇరవై ఆరోది వేద్దామనుకుంటున్నాను," అన్నాను. "ఆఖరి అరగంట నీది కావాలి."

"ఏ మాటలతో?" అంది.

"తిరగరాసినవే. పాతవి లేవు. చెరిపేయమని సంతకం పెట్టింది నేనే."

అదీ చెప్పేశాను. ఆలస్యంగానైనా.

"అయితే వెయ్యొద్దు," అంది. పెట్టేసింది.

వెయ్యలేదు. ఇంకేదీ కూడా వెయ్యలేదు. ఆ అరగంటా తెర మీద మా ఛానల్ గుర్తు ఒక్కటీ, శబ్దం లేకుండా. ఖాళీ ఆఫీసులో కూర్చుని నేను అదే చూస్తున్నాను.

ఐదూ నలభైకి ఫోన్ మోగింది. వాళ్ళ నాన్న.

"బాబూ, ఆఖరి రోజని డ్యూటీకి సెలవు పెట్టి కూర్చున్నాను, బొమ్మ రావడం లేదేంటి? మా టీవీ పాడైందా?"

"లేదండీ. మేమే ఏమీ వెయ్యడం లేదు."

"అదేం పని! కట్టేస్తానంటే ఈ అమ్మాయి కట్టనివ్వడం లేదు. ముందు కూర్చుని ఆ గుర్తునే చూస్తోంది. ఫోన్ ఇవ్వమంటావా?"

తను వింటోందని తెలుసు.

"వద్దండీ," అన్నాను. "చూడనివ్వండి."