కొమ్ముల్లేని సైతాను

పిన్ని రంగుడబ్బాలు కొనడానికి బయల్దేరుతూ, గోడకున్న మాస్కుల జోలికి పోవద్దని అక్కకీ తమ్ముడికీ మరీ మరీ చెప్పి వెళ్లింది.

నాటకాలకు మాస్కులు చేయడం పిన్ని పని. గోడ మీద నాలుగు సైతానులున్నాయి. ఒకదానికి మేక కొమ్ములు. ఒకదానికి బారెడు నాలుక. మూడోదానికి నోటినిండా కోరలు. నాలుగోదానికి ఇవేవీ లేవు. మామూలు మనిషి మొహం, సన్నటి నవ్వు, అంతే. కొమ్ములున్నదాన్ని చూసి పిల్లలు నవ్వుతారట. ఇది స్టేజీ ఎక్కితే మాత్రం హాల్లో ఎవరూ కిక్కురుమనరట.

తమ్ముడికి ఐదేళ్లు. పక్కగదిలో బొమ్మలు గీసుకుంటున్నాడు. ఒక్క నిమిషం సరదాకే కదా అనుకుంది అక్క. స్టూలెక్కి నాలుగో మాస్కు తీసి, దాని ఎలాస్టిక్ చెవుల వెనక్కి లాగి పెట్టుకుంది. లోపల చల్లగా ఉంది. తన ఊపిరి తనకే ఎవరిదోలా వినిపించింది. వెళ్లి గుమ్మంలో మాట్లాడకుండా నిలబడింది.

తమ్ముడు తలెత్తాడు. ఏడవలేదు, అరవలేదు. గోడకి అతుక్కుపోయాడు.

అక్క గబుక్కున మాస్కు తీసేసింది. "నేనేరా, అక్కని."

వాడు ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు.

"అది కూడా తీసెయ్," అన్నాడు మెల్లగా.

"ఏది?"

"అక్క మొహం."

తెలియకుండానే అక్క చెయ్యి చెంప మీదికి పోయింది. నవ్వబోయింది. ఆ నవ్వు చూసి వాడు ఇంకా ముడుచుకుపోయాడు.

పిన్ని వచ్చేసరికి అక్క మాస్కుని మళ్లీ మేకుకి తగిలించేసింది. వాడు పరుగున వెళ్లి పిన్ని వెనక దాక్కున్నాడు. ఏమైందని అడిగితే, ఏదో పీడకల వచ్చినట్టుందని చెప్పేసింది అక్క.

కాసేపటికి మంచినీళ్లు తెచ్చి వాడికి ఇవ్వబోయింది. వాడు గ్లాసు అందుకోలేదు. ఆమె చెవుల వైపే చూస్తున్నాడు, వెనక ఎలాస్టిక్ ఉందేమోనని.

అక్క పిన్ని దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది, పీడకల సంగతి అబద్ధమని కూడా. పిన్ని తిట్టలేదు. మాస్కు దించి ఆమె చేతిలో పెట్టింది.

"నాకు కాదు, వాడికి చెప్పు."

అక్క వాడికి కాస్త దూరంలో నేల మీద కూర్చుంది. మాస్కు తిరగేసి, లోపల అంటించిన పాత పేపర్ ముక్కలు చూపించింది. దాన్ని పెట్టుకుని భయపెట్టింది తనేనని, తప్పు తనదేనని చెప్పింది. తర్వాత జుట్టు వెనక్కి తోసుకుని, కళ్లు మూసుకుని, మొహం ముందుకు చాపింది.

"లాగి చూసుకో. ఊడొస్తే పారేద్దాం."

కాసేపటికి చల్లటి చిన్న వేళ్లు ఆమె ఒక చెవి వెనక తడిమాయి. చెంప పట్టుకుని గట్టిగా లాగాయి. ముక్కు మెలిపెట్టాయి. అక్క కళ్లలోంచి నీళ్లు కారాయి. కదల్లేదు.

"ఈ చెవి వెనక చూడలేదు నువ్వు," అంది, తల అటు తిప్పి.