ఐదో అంతస్తులో అగరొత్తులు

"సార్ రాలేదా మేడమ్?" అన్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

"ఏ సారు?" ఆమె హెల్మెట్ తీసి స్కూటీ అద్దానికి తగిలించింది. "కొనేది నాను. లోను నా జీతం మీద. సూసేదానికి మళ్లీ సారెందుకేటి?"

అనకాపల్లిలో అప్పట్లో కడుతున్న ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకి నేను సైట్ ఇంజనీర్ని. పేరు త్రినాధరావు, మాది రావికమతం, చెరుకు పండించే ఇల్లు. ఆమె పేరు కనకమహాలక్ష్మి. పూడిమడక దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. ఆ సంగతి ముందే తెలిస్తే ఏసీల గురించి అన్ని గొప్పలు పోయేవాణ్ణి కాదు.

"పై ఫ్లోర్ ఫ్లాట్ మేడమ్. మూడు ఏసీలకీ పాయింట్లు రెడీ. స్విచ్చేస్తే ఊటీయే."

"మరి గదిలో వేడి ఎక్కడికి పోతాది?"

"ఏసీ చల్లబరిచేస్తుంది కదా."

"ఏసీ సల్లదనం తయారు సెయ్యదండీ. లోపలి వేడిని తీసి బయట పారేత్తాది. ఆ బయట ఎక్కడో సూపించండి."

చూపించాను. బిల్డింగ్ మధ్యలో కింద నుంచి పైదాకా బావిలాంటి షాఫ్ట్. అన్ని ఫ్లాట్ల అవుట్‌డోర్ యూనిట్లూ దాని గోడలకే బిగించాలి. వంటగది కిటికీలు కూడా అందులోకే. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసింది. ఆకాశం కనిపించాల్సిన చోట కాంక్రీటు స్లాబు, దాని మీద వాటర్ ట్యాంకు.

"ఇలాగ మీరే గీసేరా?"

"నా డ్రాయింగ్‌లో పైన ఓపెనే. ట్యాంకు కోసం మా ఓనర్ గారు మూయించేరు."

"అప్పుడు మీరేటి సేసేరు?"

నేనేం చేశానో నాకు తెలుసు. నోరు మూసుకుని జీతం తీసుకున్నాను.

"అందరి ఏసీల వేడీ ఇందులోనే తిరిగి తిరిగి, ఆకర్న పై ఫ్లోర్ వంటింట్లోకి వత్తాది," అంది. "మా అమ్మ ముప్పై ఏళ్లు నెత్తిన ఐసూ సేపలూ మోసుకుని ఈ ఊరి ఎండలో తిరిగింది. మజ్జాన్నం పూట సల్లగా పడుకోబెడదామని కొంటన్నాను, ఉడకబెట్టీడానికి కాదు."

స్కూటీ వెళ్లిపోయింది. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ అమ్మాయి మళ్లీ వచ్చి మరో నాలుగు తిడితే బాగుండుననిపించింది.

వారం తిరిగేసరికి నేనే ఫోన్ చేశాను.

"స్లాబు మందం ఆరంగుళాలండీ."

"నానడగనేదే."

"అడుగుతారేమోనని."

అవతల నవ్వు వినిపించింది. "ఆదివారం వత్తన్నాను. కింద ఫ్లాట్లలో ఏసీలన్నీ ఏసి ఉంచండి."

ఆదివారం బుకింగ్ మేళా. కింద ఐదారు ఏసీలు బిగించి ఉన్నాయి, అన్నీ వేయించాను. కనకమహాలక్ష్మి వాళ్లమ్మ బుల్లమ్మని వెంటబెట్టుకొచ్చి, తిన్నగా ఐదో అంతస్తు వంటగదిలోకి వెళ్లి, కిటికీ బయట అగరొత్తుల కట్ట వెలిగించి పట్టుకుంది.

మా ఓనర్ తాతబ్బాయి గారి మొహం వెలిగిపోయింది. "కొనకముందే పూజ సేత్తంది. ఎంత సెంటిమెంటో సూసేరా?" అని వచ్చినవాళ్లందరినీ లోపలికి పిలిచారు. చెప్పులు విడిచారు, చేతులు జోడించారు. నా చేతిలో కొబ్బరికాయ పెట్టారు.

కనకం మాత్రం దణ్ణం పెట్టలేదు. పొగనే చూస్తోంది. పొగ కొంచెం పైకి లేచి, అక్కడే చుట్టు తిరిగి, వెనక్కొచ్చి వంటగదిలో నిండింది. భక్తులందరూ దగ్గడం మొదలెట్టారు.

"ఏ దేవుడికే ఇది?" అంది బుల్లమ్మ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"దేవుడిక్కాదమ్మా. గాలికి. ఫ్యాక్టరీలో మిషను దగ్గర గాలాడతందో నేదో ఇలాగే సూత్తాం."

తాతబ్బాయి గారు గబగబా నా వైపు తిరిగారు. "డిజైన్లో లోపమేటీ నేదని సెప్పవయ్యా ఇంజనీరూ."

అందరూ నన్నే చూశారు. ఆమె కూడా. ఆ చూపులో బతిమాలడం లేదు. ఇప్పుడేం చేస్తావో చూస్తాను అన్నట్టుంది.

"లోపం ఉందండీ," అన్నాను. "ఆ స్లాబు తీసేదాకా ఎవరూ కొనకండి."

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"రేపటిదాకా ఎందుకండీ?" అని మెట్లు దిగిపోయాను. రోడ్డెక్కాక చూసుకుంటే కొబ్బరికాయ ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆ రోజు ఒక్క బుకింగూ కాలేదు. అడ్వాన్సు ఇచ్చినవాళ్లు కూడా డబ్బు వెనక్కిమ్మని వచ్చి కూర్చున్నారు. నెల తిరక్కుండా స్లాబు కోశారు, ట్యాంకు మూలకి జరిపారు. తాతబ్బాయి గారు మళ్లీ పిలిచారు. నేను వెళ్లలేదు. అప్పటికే వేరే సైట్లో చేరిపోయాను.

కనకం పిలిస్తే మాత్రం వెళ్లాను.

ఈసారి అగరొత్తుల పొగ షాఫ్ట్‌లోంచి తిన్నగా ఆకాశంలోకి పోయింది. బుల్లమ్మ వంటగది గుమ్మం దగ్గర కొంగు పరుచుకుని పడుకుంది. ఇంకా ఏసీ బిగించలేదు. అయినా గాలి ఆమె మీదుగా పోతోంది.

"సోమారం రిజిస్ట్రేషను," అంది కనకం మెల్లగా. "నా పేరు మీదే. రేపు పెళ్లయినా ఇల్లు నా పేరు మీదే ఉంటాది."

"ఉండనీండి. అందులో నేనుంటే చాలు."

ఆమె అగరొత్తుల వైపు చూసింది. బుగ్గలు మాత్రం దాచుకోలేకపోయింది.

"ఇల్లరికం అంటారు మీ రావికమతంలో."

"అననీండి. మీ పూడిమడకలో ఏమంటారు?"

"ఇంజనీరుకి వలేసి పట్టీసేనంటారు."

"అబద్ధమా?"

"నెమ్మదిగా మాటాడండి, మా అమ్మ నిద్దరోతంది."

"నిద్దరోనేదు," అంది బుల్లమ్మ కళ్లు తెరవకుండానే. "ఊరోళ్లకి నాను సెప్పుకుంటాను. ఆ బాబు సంచీలో కొబ్బరికాయ తెచ్చుకున్నాడు, ఇందాకా వచ్చినప్పటినుంచీ సూత్తన్నాను. ఇద్దరూ కలిసి కొట్టీండి, నాను పడుకోవాల."