పోయొస్త

చెంబు రఘుపతి చెవి పక్క నుంచి దూసుకుపోయి గుమ్మానికి తగిలి ఖంగుమంది.

"పోత అన్నోనివి మల్ల ఎందుకొచ్చినవ్?" అంది యాదమ్మ.

బడి నుంచి అప్పుడే వచ్చి సైకిలుకు స్టాండు వేస్తున్న కొత్త పెళ్లికొడుకు రఘుపతికి ఏమీ అర్థం కాలేదు. నల్లగొండ హైస్కూల్లో లెక్కల పంతులు అతను. ఎంత చిక్కు లెక్కయినా చూడగానే పట్టేస్తాడని పేరు. ఈ లెక్క మాత్రం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"బడికి పోయిన. బడి అయిపోయింది, వచ్చిన."

"పొద్దుగాల ఏమని పోయినవ్?"

"టైం అయింది, పోతున్న అన్న."

"అగో. పోయొస్త అన్లే. పోత అన్నవ్."

నవ్వకూడదని తెలిసేలోపే రఘుపతి నవ్వేశాడు. నిన్న చినుకుల్లో అతని గొడుగు లాక్కొని కిలకిలలాడిన కళ్లే అవి. ఇప్పుడు నిప్పులూ నీళ్లూ కలిపి కురిపిస్తున్నాయి.

"నవ్వు. ఇడిశిపెట్టి పోయేటోనికి నవ్వు రాక ఏమొస్తది? నీ అసొంటి చెడ్డోడు యాడ లేడు."

గుట్ట మీది నరసింహస్వామి తర్వాత అంత మంచివాడు నువ్వేనని నిన్ననే అంది. రఘుపతి ఆ మాట గుర్తు చేయబోయి ఆగిపోయాడు. తలుపులోంచి చూస్తే మంచం మీద ఆమె ట్రంకు పెట్టె తెరిచి ఉంది. చీరలు సగం లోపల, సగం బయట.

అతను ఆమె వైపు చెయ్యి చాచాడు.

"ఇప్పుడొద్దు సారూ. జర ఆగు," అంటూ ఆమె పెరట్లోకి పరుగెత్తింది.

గోలెంలోని చల్లనీళ్లలో ముఖం ముంచింది. ఊపిరాగేదాకా ఉండి లేచి మళ్లీ ముంచింది. తర్వాత విసుర్రాయి ముందు కూర్చుని పిడికెడు జొన్నలు పోసి తిప్పసాగింది. మొదట రాయి ఉరిమింది. గాజులు ఎగిరెగిరి పడ్డాయి. మెల్లమెల్లగా ఆ చప్పుడు దారిలో పడింది. తడి జుట్టు నుంచి చుక్కలు భుజం మీద రాలుతున్నాయి. తలుపు పట్టుకుని రఘుపతి రెప్ప వేయకుండా చూశాడు.

"చిన్నప్పటిసంది గింతే," అంది యాదమ్మ, తల ఎత్తకుండా. "లోపల పాలు పొంగినట్టు పొంగొస్తది. మా ఊరు పానగల్ల అందరు గాలి సోకిందన్నరు. మా భద్రమ్మవ్వ ఒక్కతే, పాలు పొంగుతే కుండ పగులగొడ్తమా బిడ్డా, నీళ్లు చల్లుతం గని, అన్నది. గీ నీళ్లు, గీ రాయి ఆమె నేర్పినయే."

"మరి ఆ పెట్టె?"

"పొంగు మీదున్నప్పుడు నువ్వు నిజంగ పోయినవనే అనిపిస్తది. అబద్ధమని ఎరికే. పానం ఒప్పుకోదు. నువ్వు పంపకముందే నేనే పోదామనుకున్న." రాయి ఆగింది. "పెండ్లికి ముందు చెప్పనీకె భయమైంది. ఇప్పుడు చెప్పు, పానగల్ల దింపి వస్తవా?"

రఘుపతి ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాడు. క్లాసులో చిన్న గోలకే డస్టరు విసిరే మనిషి తను. అంత తుఫానును ఈ పిల్ల ఒక్క గోలెం నీళ్లతో, రెండు రాళ్లతో దారికి తెచ్చుకుంది.

"దింపను. నాకు కోపమొస్తే ఎవని తలకో బొప్పి కడ్తది. నీకొస్తే రొట్టెలైతయి."

"చెంబు గూడ ఇసిరిన గద."

"తగల్లే గద."

"గురి తప్పింది," అంది సిగ్గుపడుతూ. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

ఆనాటి నుంచి రఘుపతి బావికి పోయినా "పోయొస్త" అనే పోయేవాడు. "పంతులు బొక్కెనతోని దేశాంతరం పోతుండు, చెయ్యి ఊపవే యాదమ్మ," అని ఇల్లు అద్దెకిచ్చిన నర్సింగమ్మ ఆటపట్టించేది.

ఆదివారం గుట్టకు పోదామనుకున్నారు. పొద్దున్నే వాన. వానతోపాటు హెడ్మాస్టరు పిలుపు. మధ్యాహ్నం బడికి రావాలట. పొయ్యి మీద చాయ్ కోసం పాలు పెట్టిన రఘుపతి ఆ కబురు చెప్పేసరికి యాదమ్మ కళ్లు మారాయి. పిడికిలి బిగిసింది. చేతికందేంత దూరంలోనే చెంబు ఉంది.

ఆమె దాన్ని చూసింది. అతన్ని చూసింది. దాన్ని ముట్టకుండా లేచింది.

"సారూ, పొంగొస్తాంది." గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. "పోయొస్త."

రఘుపతి గుమ్మం దాకా వచ్చాడు. వాన చప్పుడులోంచి విసుర్రాయి ఉరుము మొదలైంది. అది నెమ్మదించేదాకా చెవులప్పగించి అలాగే నిలబడ్డాడు.

"వచ్చిన," అంటూ తడి ముఖంతో లోపలికి అడుగుపెట్టిన యాదమ్మ పొయ్యి వైపు చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏం మనిషివయ్యా. ఇంట్ల రెండు పొంగులొస్తే, రెండూ నేనే చూసుకోవాల్నా?"

పాలన్నీ పొంగి పొయ్యిలో పోయాయి.