గాలి పట్టిన పికప్

పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ వినబడుతున్న వేళ, బుదైయా తోటల మధ్య సన్నటి దారిలో లింబాద్రి నడుపుతున్న పికప్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డీజిల్ అయిపోయింది. పక్క సీట్లో రఫత్, వెనక అతని పెట్టెలు. గల్ఫ్‌కొచ్చిన నాలుగేళ్ల తర్వాత రఫత్ సొంతూరు కోరుట్లకు పోతున్నాడు. పది గంటలకు ఫ్లైట్.

రఫత్ బంకు దాకా నడిచి డబ్బాతో డీజిల్ తెచ్చి పోశాడు. తాళం తిప్పితే బండి గుర్రుమంటుందే తప్ప అందుకోవడం లేదు.

"పైపుల గాలి జొచ్చింది. తియ్యాలె," అన్నాడు లింబాద్రి.

బానెట్ ఎత్తి, ఫిల్టర్ మీది మర వదులు చేసి, డీజిల్ ఎక్కించే చేతిపంపు నొక్కసాగాడు. మామూలుగా ముందు నురగ, తర్వాత డీజిల్ వస్తాయి. ఇప్పుడు ఉత్త బుడగలే. ఒక్కోటి పగిలినప్పుడల్లా ఎండలో మూతపెట్టి మరిచిన చేపల బుట్ట వాసన. రఫత్ ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు.

"ట్యాంకుల ఎలుక వడ్డదేమో, అన్నా."

"ఎలుక గింత కంపు కొట్టది."

చీకటి పడింది. పంపు ఎంత నొక్కినా డీజిల్ ఎక్కలేదు. ఇక లింబాద్రి ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, నోట్లో పెట్టుకుని పీల్చాడు. ఒకసారి. రెండుసార్లు.

అవతలి నుంచి ఏదో... తిరిగి పీల్చింది.

పెదవులు పైపుకు అతుక్కుపోయాయి. బలమంతా పెట్టి గుంజుకునేలోపే నోరు నిండింది. డీజిల్ కాదు. వెచ్చగా... చీములా జారుడుగా... ఒక గుక్క గొంతు దిగిపోయింది. మోకాళ్ల మీద పడి కక్కుకున్నాడు.

తలెత్తి చూస్తే పైపు నుంచి తేటగా డీజిలే కారుతోంది. దాన్ని మళ్లీ బిగించాడు. తాళం తిప్పగానే బండి అందుకుంది.

హైవే ఎక్కారు. లింబాద్రికి నాలుక వెనక వెంట్రుక తగిలింది. రెండు వేళ్లు పెట్టి లాగాడు. వచ్చింది. ఇంకా వచ్చింది... ఒకటి కాదు, పాయ. మూరెడు.

"ఆపకు... బండి ఆపకు, అన్నా," గుసగుసలాడాడు రఫత్.

లింబాద్రి ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఉంచి, రెండో చేత్తో లాగుతూనే ఉన్నాడు. చివరికి అంతా బయటపడి తడిగా ఒళ్లోకి జారింది. వీధి దీపాల వెలుగులో రఫత్ వంగి చూశాడు.

నున్నగా దువ్వి, కొస దాకా అల్లిన జడ. అప్పుడే రాసినట్టు కొబ్బరినూనె వాసన వేస్తోంది.