ఆఖరి రెసిస్టర్

“పదకొండింటికి జ్ఞానమణిని చంపేస్తారు. ఆపగలవా?”

జవాబు వినకుండానే చీఫ్ విజయేందర్ ఫోన్ పెట్టేశాడు. ఏజెంట్ ఇజ్రాయేల్‌కు మిగిలింది పదిహేను నిమిషాలు. విదేశీ ముఠా నాయకుడి ముఖం చూసిన ఏకైక సాక్షి జ్ఞానమణి. అబిడ్స్‌లో ఓ ఆఫీసు బిల్డింగ్ నాలుగో అంతస్తులో, మాగ్నెటిక్ లాక్ ఉన్న గదిలో ఆమెను దాచింది అతనే. ఏమీ కాదని మాటిచ్చిందీ అతనే.

ఫైర్ అలారం మెకానిక్ వేషంలో లోపలికి వెళ్ళాడు. కింద ఫైర్ అలారం ప్యానెల్ పక్కనే వైశాలి నిలబడి ఉంది. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర. డిపార్ట్‌మెంట్‌లో ఆమెను మించిన ఏజెంట్ లేదు.

“మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ దొరుకుతదా?” కోడ్ వర్డ్ అడిగాడు.

“సీతాఫలమే మిగిలింది. ఫికర్ చెయ్యకు, ప్యానెల్ గ్రీన్ ఉంది. పొగొస్తే అలారం మోగుతది, పైన లాక్ దానంతటదే ఊడుతది.”

అతను ప్యానెల్ మూత తీశాడు. నాలుగో అంతస్తులో, వైరు చివర ఉండాల్సిన రెసిస్టర్ ఇక్కడే రెండు స్క్రూల మధ్య బిగించి ఉంది. అది చివర ఉంటేనే వైరంతా కాస్త కరెంటు పారుతూ ఉంటుంది. వైరు తెగితే కరెంటు ఆగి పసుపు లైటు, డిటెక్టర్‌కు పొగ తగిలితే కరెంటు పెరిగి ఎర్ర లైటు. ఇక్కడ బిగిస్తే పైన వైరంతా పీకేసినా ప్యానెల్‌కు తెలియదు.

“ఇదెవరు మార్చిన్రు?”

“మా పాత మెకానిక్, సార్,” అన్నాడు వెనకే లాఠీ పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్ రామచందర్. “పసుపు లైటొచ్చి బజర్ ఒకటే మొత్తుకుంటుండె. గిట్ల చేసిండు, చప్పుడు పోయింది.”

ఇజ్రాయేల్ వెనక్కి తిరిగేసరికి వైశాలి చేతిలో పిస్టల్.

“మా ముఠాకు గంతే చాలు. వైరు నేనే కోసిన. లాక్ కోడ్ నేనే మార్చిన. గాడ మంట అంటుకుంది, గీడ గ్రీనే ఉంది.”

పదకొండు కొట్టింది. ఆ తలుపు పగలగొట్టాలంటే అరగంట. తన మాట నమ్మినందుకు జ్ఞానమణి పొగలో తలుపు బాదుతూ ఉంటుంది. ఇజ్రాయేల్‌కు ఏడుపొచ్చింది. ఇక చేయగలిగింది ఏమీ లేదనిపించింది.

చేతిలో స్క్రూడ్రైవర్ మాత్రం ఉంది. ఈ పాతకాలపు ప్యానెల్‌కు మంటైనా ఒకటే, షార్ట్ సర్క్యూటైనా ఒకటే. కరెంటు పెరిగితే చాలు. స్క్రూడ్రైవర్‌ను రెండు స్క్రూలకూ అడ్డంగా ఆనించాడు.

ఎర్ర లైటు వెలిగింది. నెత్తిమీద హూటర్ గర్జించేసరికి వైశాలి ఉలిక్కిపడింది. రామచందర్ లాఠీ ఆమె మణికట్టు మీద పడింది, పిస్టల్ జారిపోయింది.

ఇజ్రాయేల్ మెట్ల వెంట పరుగెత్తాడు. లాక్ ఊడింది! రెండో అంతస్తు మలుపులో జ్ఞానమణి దగ్గుతూ ఎదురొచ్చింది. హూటర్ అంతలా మోగుతున్నా, ఆమె తప్ప మెట్ల మీద ఒక్క మనిషి లేడు.

“మంట! అందరూ బయటికి నడవున్రి!” అని గొంతు చించుకున్నాడు.

ఓ గుమాస్తా టీ గ్లాసుతో తలుపులోంచి తొంగిచూశాడు.

“మెకానిక్‌వే కదా? ముందు గా చప్పుడు బంద్ చెయ్యి.”